మళ్ళీ వేలిముద్రల కాలం

మన తాతల కాలంలో 'వేలిముద్రగాడు' అంటే తిట్టు కింద లెక్క. షావుకారు దగ్గర ప్రోనోటు రాసినా, పొలం రిజిస్ట్రేషన్ చేయించినా బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కించేవాళ్ళు. తెలంగాణ వైపు దాన్నే నిశానీ అనేవాళ్ళు. కాగితం మీద ఏముందో తాతకి తెలియదు. చదివి వినిపించినవాడి మాటే వేదం. వందకి వేసిన ముద్ర వెయ్యికి వేసినట్టు అయిపోయిందని ఏ పంట చేతికొచ్చిన రోజునో తెలిసేది. ఆ అవమానం పిల్లలకి ఉండకూడదనే వాళ్ళు పస్తులుండి మరీ మన నాన్నల్ని బడికి పంపారు. నాన్నలు అప్పులు చేసి మనల్ని కాలేజీలకి పంపారు.

మరి ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? ఎంబీఏలు, ఎమ్మెస్సీలు చదివి హౌన్స్‌లోలో దిగాం. విమానాలు నెత్తి మీదుగా పోతుంటే తెల్లవారుజామున లేచి, చలిలో బస్సు పట్టుకుని, హీత్రూ చుట్టుపక్కల ఏ గోదాముకో, ఏ హోటల్ వంటగదికో, ఏ క్లీనింగ్ డ్యూటీకో చేరుకుంటాం. అక్కడ చాలామందిమి చేసే మొదటి పని గోడకి బిగించిన మిషన్ మీద వేలు పెట్టడం. లేదంటే కెమెరా ముందు మొహం పెట్టి నిలబడటం. ఆ వేలు ఎక్కడికి వెళ్ళింది, ఎవరి కంప్యూటర్‌లో ఉంది, మనం ఉద్యోగం మానేశాక దాన్ని తీసేస్తారా అంటే మనకి తెలియదు. చేరిన రోజు ఇచ్చిన కాగితాల కట్టలో ఎక్కడో రాసే ఉంటుంది. చదవకుండానే సంతకం పెట్టేశాం. సంతకం వచ్చినా తాత స్థితికే వచ్చాం!

మాతో ఒకే ఇంట్లో ఉండే ఒక తమ్ముడి సంగతి చెబుతాం. హోటల్ వంటగదిలో అంట్లు కడిగే పని. రోజంతా వేడినీళ్ళు, మందు కలిపిన సబ్బు. చేతుల మీద తోలు లేచిపోయింది. ఒకరోజు పొద్దున మిషన్ అతని వేలిని గుర్తుపట్టనంది. తుడిచి పెట్టాడు, వేరే వేలు పెట్టాడు. ఊహూ. సూపర్‌వైజర్ వచ్చేసరికి పావుగంట దాటింది. ఆ నెల జీతంలో ఆ ఆలస్యం కోత పడింది. కార్డు లాంటిది ఏదైనా ఇవ్వండి అని అడిగితే, "అందరూ పెడుతున్నారు కదా, నీ ఇష్టం" అన్నారట. నీ ఇష్టం! వీసా వాళ్ళ స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాడికి ఇష్టమేమిటి, కష్టమేమిటి? ఇంటికొచ్చి, "అన్నా, ఇంకో దారే లేదా?" అని అడిగాడు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత వాకబు చేస్తే తెలిసింది, దారి ఉంది. ఆ సంగతి నలుగురికీ చెబుదామనే ఈ నాలుగు మాటలు.

సర్కారు వేరు, కంపెనీ వేరు

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. వీసా కోసం ఇచ్చిన వేలిముద్రలు వేరు, డ్యూటీ గోడ మీద పెట్టే వేలు వేరు. మొదటిది ఈ దేశపు చట్టం. ఇవ్వను అంటే కుదరదు. 2007 చట్టంతో విదేశీయులకి బయోమెట్రిక్ పత్రాలు పెట్టారు. 2008 నవంబరు నుంచి కార్డులు ఇచ్చారు. మనం పర్సులో జాగ్రత్తగా దాచుకున్న బీఆర్పీ అదే. ఆ కార్డుల్లో చాలావాటికి 2024 డిసెంబరు 31తో కాలం తీరింది. ఇప్పుడంతా ఈ-వీసా. చేతిలో ముక్క కూడా లేదు, మన మొహమూ మన ముద్రలూ అన్నీ వాళ్ళ కంప్యూటర్లలోనే.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అదే రోజుల్లో ఈ దేశం తన సొంత పౌరులకి కూడా వేలిముద్రల గుర్తింపు కార్డు పెట్టబోయింది. 2006లో చట్టం చేశారు. జనం ఒప్పుకోలేదు. మా వేళ్ళతో మీకేం పని అని ఏళ్ళ తరబడి గోల చేశారు. 2010లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ చట్టాన్ని రద్దు చేసింది. అప్పటికే సుమారు 15 వేల మంది తీసుకున్న కార్డులు చెల్లకుండా పోయాయి. 2011 ఫిబ్రవరిలో వాళ్ళ వివరాలున్న కంప్యూటర్ డిస్కుల్ని మిషన్‌లో వేసి తుక్కు తుక్కు చేశారు. కానీ విదేశీయుల కార్డులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఓటున్నవాడు అడిగాడు, వాడి ముద్రలు తుక్కయ్యాయి. మనల్ని అడిగినవాడూ లేడు, మనం అడిగిందీ లేదు.

మన ఇంటి పక్క సంగతే ఇంకోటి. 2008 మార్చి 27న హీత్రూలో అయిదో టెర్మినల్ తెరిచారు. దేశం లోపల తిరిగే ప్రయాణికులూ, విదేశాల నుంచి విమానం మారేవాళ్ళూ ఒకే హాలులో ఉంటారు కాబట్టి వేలిముద్రలు తీసుకుంటామన్నారు. ఇక్కడ సమాచార రక్షణ చూసే ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయం, అంటే ఐసీఓ, ఇది అవసరమా అని ప్రశ్నించింది. తెరవడానికి ఒక్కరోజు ముందు ఆ ఆలోచన పక్కన పెట్టేసి, ఫొటోతో పని కానిచ్చారు. అంటే ఇంకో దారి మొదటి నుంచీ ఉంది! అడిగేదాకా ఎవరికీ కనిపించలేదు, అంతే.

టికెట్ కొన్న ప్రయాణికుడికి దొరికిన మర్యాద, ఆ టెర్మినల్ నేల తుడిచేవాడికి దొరకదా?

2024లో వచ్చిన మాట

దొరుకుతుంది. 2024 ఫిబ్రవరి 23న ఐసీఓ ఒక ఉత్తర్వు ఇచ్చింది. సెర్కో లీజర్ అనే పెద్ద కంపెనీ, దానితో కలిసి పనిచేసే కొన్ని ట్రస్టులు తమ ఈత కొలనుల్లో, జిమ్ముల్లో హాజరు కోసం మొహాలు, వేలిముద్రలు తీసుకుంటున్నాయి. మొత్తం 38 చోట్ల, రెండు వేల మందికి పైగా పనివాళ్ళు. కమిషనర్ జాన్ ఎడ్వర్డ్స్ కార్యాలయం అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆపేయమంది. చట్టప్రకారం ఉంచుకోవాల్సింది తప్ప, తీసుకున్న మొహాలూ ముద్రలూ మూడు నెలల్లో చెరిపేయమంది.

ఎందుకో చూడండి. హాజరు వేయడానికి కార్డులున్నాయి, బిళ్ళలున్నాయి. అంతకన్నా తక్కువలో పని జరిగేటప్పుడు ఒంటి గుర్తులే కావాలని పట్టుపట్టడానికి సరైన కారణం చూపించలేకపోయారు. వేరే దారి ఉందని పనివాళ్ళకి వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. జీతం కావాలంటే వేలు పెట్టాల్సిందే అన్నట్టు నడిపారు. యజమానికీ పనివాడికీ మధ్య బలం సమానం కాదు కాబట్టి, పనివాడు ధైర్యంగా వద్దనగలడని అనుకోలేం అని కూడా ఐసీఓ అంది. మా తమ్ముడికి చెప్పిన "నీ ఇష్టం" అనే మాటకి ఇంతకన్నా మంచి జవాబు ఇంకేముంటుంది?

ఇక్కడి చట్టంలో మనిషిని గుర్తుపట్టడానికి వాడే వేలిముద్ర, మొహం ప్రత్యేక తరగతి సమాచారం. మన జబ్బులు, మన మతం, మనం చేరిన యూనియన్ లాంటి వాటి పక్కనే దాన్ని కూర్చోబెట్టారు. ఊరికే అడిగి తీసుకునేది కాదు. ఎంత అవసరమో చూపించాలి.

దాచేదేముంది అనే వాళ్ళకి

మనవాళ్ళలో చాలామంది ఒక మాట అంటారు. "మనమేమైనా దొంగలమా? దాచుకునేదేముంది?" నిజమే. అడిగితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని భయం. పైగా కొందరు స్టూడెంట్ వీసా మీద ఉండి గంటలు దాటి చేస్తుంటారు. లేదా ఇంకొకరి పేరు మీద డెలివరీ ఐడీ అద్దెకి తీసుకుని తిరుగుతుంటారు. వాళ్ళని మేము సమర్థించం. అక్కడ మొహం చూసి సరిపోల్చడానికి కంపెనీకి కారణం ఉంది. కానీ నిజాయితీగా పనిచేసేవాడికి కూడా ఆ మిషన్ దెబ్బ తగులుతుంది. 2021లో ఒక నల్లజాతి డెలివరీ పనివాడి సెల్ఫీ సరిపోలలేదని ఉబర్ ఈట్స్ అతని ఐడీ తీసేసింది. అతను ట్రిబ్యునల్‌కి వెళ్ళాడు. సమానత్వ కమిషన్, డ్రైవర్ల యూనియన్ పక్కన నిలబడ్డాయి. 2024 మార్చిలో రాజీ కుదిరి డబ్బు అందింది. తప్పు మిషన్‌ది అనడానికి అతనికి మూడేళ్ళు పట్టింది.

దొంగతనం సంగతికే వద్దాం. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం. వేలు పోతే? ఆ ప్రశ్న మనవాళ్ళకే ఎదురైంది. 2018లో పెద్దపల్లి వైపు ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు దించుకుని, వాటితో నకిలీ ముద్రలు చేసి, వేల సిమ్ కార్డులు చలామణీలోకి తెచ్చాడని పోలీసులు పట్టుకున్నారు. అమ్మినవాడు, కొన్నవాడు నమ్మకం కోసం వేసిన ముద్ర అది. ఇక్కడ రెక్కలు ముక్కలు చేసుకుని ఊళ్ళో ప్లాటు కొన్న మనందరి ముద్రలూ అలాంటి కాగితాల మీదే ఉన్నాయి. అందుకే ఇంకో పని చెబుతాం: ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది. ఊళ్ళో అమ్మానాన్నలకి ఫోన్ చేసి అది వేయించండి. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు.

పెద్ద పెద్ద వాళ్ళ పెట్టెలకే తాళాలు నిలవలేదు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగలపాలయ్యాయి. 2019 ఆగస్టులో, ఆఫీసుల తలుపులు వేళ్ళతో తెరిచే బయోస్టార్ 2 అనే వ్యవస్థలో పది లక్షల మందికి పైగా ముద్రలు తాళం లేకుండా బయట పడి ఉన్నాయని పరిశోధకులు చెప్పారు. వాటిని మార్చుకోవడం ఎవరి తరం?

మార్చుకోబోయినవాళ్ళు కూడా ఉన్నారు. అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. 2022 ఆగస్టు చివర్లో హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ దగ్గర రాచకొండ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసిన వాళ్ళు మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి వేలికొసల మీద తోలు కోసి, లోపల కొంత తీసి, కుట్లు వేయించుకుంటున్నారని తేలింది. ముఠా పెద్దది కడప జిల్లా. మనిషికి పాతిక వేల రూపాయలట. ఆపరేషన్ చేసినవాళ్ళది నేరమే, ఎవరూ కాదనరు. కానీ తన వేలు తానే కోయించుకునేదాకా వెళ్ళినవాడి ఇంట్లో ఎంత అప్పు ఉండి ఉంటుంది? కువైట్‌లో 2024 డిసెంబరు 31 గడువు పెట్టి విదేశీయులందరి దగ్గరా బయోమెట్రిక్ తీసుకున్నారు. గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకి 'ఎందుకు' అని అడిగే వీలు మనకున్నంత లేదు. ఆ వీలున్న చోట ఉండి కూడా మనం అడక్కపోతే ఎలా?

మిషన్ మీద కోపం కాదు

అలాగని మిషన్లన్నీ పగలగొట్టమని కాదు. మంచి కూడా మన రాష్ట్రంలోనే చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఊళ్ళోనే ఇచ్చారు. 157 మండలాల్లో, సుమారు కోటి తొంభై లక్షల జనాభాలో కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు దాన్ని లెక్కకట్టి 2016లో ప్రచురించారు. కూలీ త్వరగా అందింది. మధ్యలో తినేసేది సుమారు 40 శాతం తగ్గింది. కార్డు లేనివాళ్ళకి కూడా డబ్బు ఆపలేదు. అదే బృందం తర్వాత జార్ఖండ్ రేషన్ దుకాణాలు చూసింది. అక్కడ ఆధార్‌ని తప్పనిసరి చేశారు. అర్హులైన కొందరి బియ్యం తెగిపోయింది. మిషన్‌లో పెద్ద తేడా ఏమీ లేదు. ఒకచోట పక్కన ఇంకో తలుపు తెరిచి ఉంది, ఇంకోచోట అది సరిగా తెరుచుకోలేదు. అసలు విషయమంతా ఆ తలుపులోనే ఉంది.

ఈ మాట మనకంటే ముందు వలస వచ్చినవాళ్ళకి బాగా తెలుసు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులంతా వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేయించుకోవాలని 1906లో చట్టం తలపెట్టారు. సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గ్‌లో మనవాళ్ళు సభ పెట్టి లొంగమని ప్రమాణం చేశారు. గాంధీగారి సత్యాగ్రహం అక్కడే మొదలైంది. విచిత్రమేమిటంటే, 1908లో స్మట్స్‌తో రాజీ కుదిరినప్పుడు గాంధీగారే స్వయంగా ముద్రలు ఇవ్వడానికి బయల్దేరి, కోపం వచ్చిన మనవాళ్ళ చేతనే దెబ్బలు తిన్నారు. ఆయన లెక్క ఒక్కటే: ఇష్టపడి ఇచ్చేది వేరు, మెడ మీద చెయ్యేసి తీసుకునేది వేరు. ఆ చట్టాన్ని మాత్రం తీసేయలేదు. దాంతో ఆగస్టు 16న రెండు వేలకి పైగా పత్రాలు కుప్పపోసి కాల్చేశారు. వాళ్ళూ మనలాంటి కూలీలు, చిల్లర వ్యాపారులే. నూటపదిహేనేళ్ళు దాటినా ప్రశ్న మాత్రం అదే. ఇది ఇష్టమా, బలవంతమా?

ఏం చేయాలి?

పత్రాలు కాల్చమని మేము చెప్పం. ఒక ఈమెయిల్ రాయమంటాం. మర్యాదగానే. మేనేజరుకి, హెచ్ఆర్‌కి నాలుగు ప్రశ్నలు: మా వేలిముద్ర ఏ చట్టబద్ధమైన కారణం మీద తీసుకుంటున్నారు? ఎక్కడ, ఎవరి దగ్గర ఉంచుతున్నారు? మేము మానేశాక ఎప్పుడు చెరిపేస్తారు? దీనికి బదులు కార్డో, బిళ్ళో ఉందా? ఇలాంటి మిషన్ పెట్టేముందు దానివల్ల పనివాళ్ళకి వచ్చే నష్టాన్ని అంచనా వేసి కంపెనీ ఒక నివేదిక రాసుకోవాలి. అది రాశారా అని కూడా అడగండి.

మీ గురించి వాళ్ళ దగ్గరున్న వివరాలు ఇమ్మని అడిగే హక్కు ఉంది. దాన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. మామూలుగా ఫీజు లేదు, నెలలోపు జవాబు రావాలి. తేలకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అప్పటికీ కదలకపోతే ఐసీఓకి రాయొచ్చు. అదీ ఉచితమే. ఒక్కరే రాస్తే భయం. పదిమంది కలిసి, యూనియన్ ఉంటే యూనియన్ ద్వారా రాస్తే ఎవరి పేరూ విడిగా కనిపించదు.

"నీ వీసా చూడాలి కాబట్టి వేలు పెట్టు" అని ఎవరైనా అంటే నమ్మకండి. పని చేసే హక్కు చూడటానికి మన ఈ-వీసా ఖాతా నుంచి తీసిన షేర్ కోడ్, పుట్టిన తేదీ చాలు. ఆ కోడ్ 90 రోజులు పనిచేస్తుంది. యజమానికి కనిపించేది మన ఫొటో, మన అనుమతి వివరాలు. వేలిముద్రతో వాళ్ళకి పని లేదు.

కొత్తగా వచ్చే పిల్లలకి గది చూపిస్తాం, బస్సు నంబరు చెబుతాం, ఎక్కడ బియ్యం చవకో చెబుతాం. చేరేరోజు ఇచ్చే కాగితాలు చదివి సంతకం పెట్టమని కూడా చెబుదాం. చదవడం రాక మోసపోతే అది తాత తప్పు కాదు. చదువుండి చదవకపోతే ఆ తప్పు మనది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నారు. అక్కడితో ఆగలేదు. ఊళ్ళో సారా ఎందుకని అడిగారు. ఆ అడగడమే రాష్ట్రమంతా పాకింది. వాళ్ళ చేతిలో ఉన్నది పలకా బలపమే. మన చేతిలో డిగ్రీలున్నాయి, ఫోన్లున్నాయి, పక్కన ఒక చట్టముంది.

ఈ సంగతులన్నీ విన్నాక మా తమ్ముడు పోయిన వారం ఈమెయిల్ పంపాడు. నాలుగు ప్రశ్నలే. ఇంకా జవాబు రాలేదు. వస్తుందో, రాదో, వచ్చినా ఎలా వస్తుందో మాకూ తెలియదు. కానీ ఆ మర్నాడు డ్యూటీలో అతనితో పాటు అంట్లు కడిగే ఇద్దరు వచ్చి, "ఆ మెయిల్ మాకూ ఇవ్వు" అన్నారట. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ముందు అడుగుదాం.